నిలువుకాళ్ళ కొలువు

వెన్నులో సూది దిగిన కాసేపటికి కోమలికి నడుము కింద తన ఒళ్ళు లేకుండా పోయింది. మొదట అరికాళ్ళలో వెచ్చదనం, చలికాలం పొద్దున ఎవరో కాళ్ళ మీద గోరువెచ్చని నీళ్ళు పోస్తున్నట్టు. ఆ వెచ్చదనం పిక్కల్లోకి, మోకాళ్ళలోకి, తొడల్లోకి పాకింది. తర్వాత అదీ లేదు. మత్తు డాక్టరు తల దగ్గర నిలబడి, "కాళ్ళు ఎత్తు చూద్దాం తల్లీ," అన్నాడు. ఎత్తాలనుకుంది. మనసు చెప్పిన మాట నడుము దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. ఈ కాళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కసారీ కాదని ఎరగవు. లెమ్మంటే లేచాయి, నిలబడమంటే నిలబడ్డాయి, కడుపులో బిడ్డ ఉన్నప్పుడూ, చంకలో బిడ్డ ఉన్నప్పుడూ. ఇవాళే మొదటిసారి మొరాయించాయి. భయపడాలి కదా అనుకుంది. భయం వచ్చే దారి కూడా ఆ సూది మూసేసిందో ఏమో, రాలేదు. రొమ్ముల మీదుగా ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. దానికి అవతల తన కాళ్ళు, డాక్టర్లు. ఇవతల తను, గోడ మీద గడియారం. పదిన్నర. ఈ వేళకి చీరల కొట్లో అగరొత్తులు వెలిగించి, మొదటి గిరాకీ కోసం తెల్ల పరుపుల మీద దుప్పట్లు సర్దుతూ ఉండేది.

అవతల ఏదో తడి గుడ్డతో తుడుస్తున్న చప్పుడు. చల్లగా ఉండాలి, ఉందో లేదో తెలియదు. పొద్దున వార్డులో జ్ఞానాంబ సిస్టరు తనని గోడ పట్టుకుని నిలబడమని, కింద మోకాళ్ళ మీద కూర్చుని, నీలం సిరా పెన్నుతో ఉబ్బిన నరాల వెంట గీత గీసింది. పడుకుంటే నరాలు దాక్కుంటాయట, నిలబడితేనే బయటపడతాయట. ఎడమ గజ్జ దగ్గర మొదలై, తొడ లోపలి పక్కగా దిగి, మోకాలి దగ్గర రెండు పాయలై, మెలికలు తిరిగి, చీలమండ దగ్గర నల్లబడ్డ చర్మంలో కలిసిపోయింది గీత. కుడి కాలి మీద కూడా ఒక గీత, మోకాలి పైదాకానే, సన్నగా. "ఎన్ని కాన్పులమ్మా?" అని అడిగింది సిస్టరు. "మూడు." ఒక్కో కాన్పుకీ ఒక్కో పాయ, అనుకుంది కోమలి.

నందిని కడుపులో ఉండగా మోకాలి వెనక నీలిదారం లాంటిది ఒకటి కనిపించింది. అద్దంలో చూసుకుని మురిసింది కూడా. తెల్లని చర్మం కనక కనిపిస్తోందని పక్కింటి వాళ్ళు అన్నారు. కాన్పయ్యాక అది పోయింది. హరినాథ్ అప్పుడు దారం తాడైంది. పురుడు పోసుకున్నాక తగ్గుతుందన్నారు, కొంచెం తగ్గింది, పోలేదు. మూడోవాడప్పుడు ఏడో నెల నుంచే సాయంత్రానికి పాదం చెప్పులో పట్టేది కాదు. రాత్రి పిక్కలు గుంజేవి, ఎవరో కండని పిడికిట్లో పట్టి తిప్పుతున్నట్టు. పంటి కింద కొంగు పెట్టుకుని పడుకునేది, మొగుడు మునిశేఖర్ లేస్తాడని. అతను తెల్లవారుజామున జీపు తీయాలి, తిరుచానూరు నుంచి కాళహస్తికి యాత్రికుల్ని తోలాలి. ఒకసారి లేచాడు. లేచి, "ఏంది మే?" అన్నాడు. కాలు చూపించింది. దీపం వెలుగులో కాసేపు చూసి, ఆ లావు నరం మీద వేలు పెట్టి నొక్కాడు. అది మెత్తగా లోపలికి పోయి, వేలు తీయగానే మళ్ళీ లేచింది. "అమ్మనడుగుతాలే పొద్దన," అని పడుకున్నాడు. చెడ్డవాడు కాదు. ఏ సంగతైనా రేపటికి వాయిదా వేసి, ఆ రేపటిని వాళ్ళమ్మ చేతిలో పెట్టే మనిషి.

అత్త దేవకమ్మ పొద్దున్నే చూసింది. చూసి నవ్వింది కూడా. "నలుగురిని కన్నాను నేను. నాకు కాళ్ళు వాచలేదా? బిడ్డల్ని కన్న కాలికి అవి నగల మాదిరి. పోతాయిలే." పోలేదు. మూడోవాడికి ఏడాది నిండి, తను కొట్లో కొలువుకు కుదిరిన నాటికి చీలమండ దగ్గర దురద మొదలైంది. గోకితే పొట్టు రాలేది, పొట్టు రాలిన చోట నల్లబడేది.

"నొప్పేం లేదు కదా?" మత్తు డాక్టరు. లేదంది. లాగుతున్నట్టు ఉందంది. నిజమే, నొప్పి కాదు, ఎవరో దూరంగా తన కొంగు పట్టుకుని లాగుతున్నట్టు. కాలిన వాసన ఒకటి సన్నగా వచ్చింది. తన చర్మమే అయి ఉంటుంది. ముఖం తిప్పుకోలేదు.

వాసనలకు ఆమె భయపడదు. పదకొండేళ్ళ పాటు ఇంట్లో ఒక వాసన మధ్య పెరిగింది. అమ్మ ఆనందమ్మ కాలి పుండు వాసన. ఎడమ కాలే, చీలమండకు కొంచెం పైనే, ఇదే చోటు. మొదట రూపాయి బిళ్ళంత. తర్వాత అరచేయంత. అమ్మ పొద్దున్నే వేపాకు కాచిన నీళ్ళతో కడిగి, పాత పంచె చింపి కట్టు కట్టుకుని, చేనికి పోయేది. మడిలో దిగేది. సాయంత్రానికి కట్టు తడిసిపోయి, ఈగలు ఆమె కంటే ముందు ఇంట్లోకి వచ్చేవి. పెళ్ళిళ్ళకు పోతే చివరి బంతిలో, మూల కూర్చునేది, చీర అంచు పాదాల మీదకి లాక్కుని. ఎవరో ముక్కు మూసుకుంటే చూడనట్టు నటించేది. కోమలి చూసేది. ఎనిమిదేళ్ళ పిల్ల, అమ్మ పక్కన కూర్చుని, ముక్కు మూసుకున్న వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే గుర్తుపెట్టుకునేది. ఇదేం రోగమమ్మా అంటే, "రోగం కాదు బిడ్డా, నరాలు. కాన్పులప్పుడు లేచినాయి. ఆడోళ్ళకి మామూలే," అనేది అమ్మ. మామూలే అనే మాట ఎంతమందిని తింటుందో లెక్క తేల్చే వాళ్ళు లేరు. కాళహస్తిలో డాక్టరు ఒకాయన, పెద్దాసుపత్రికి తీసుకుపొండి, ఆపరేషను చేస్తే పుండు మాను పడుతుంది అని చెప్పాడు. నాయన తల ఊపాడు. ఆ వారం శనక్కాయ పీకుడు. తర్వాతి వారం ఇంకేదో. పదకొండేళ్ళు అలా తర్వాతి వారాలతోనే గడిచాయి. ఆఖరికి కాలి జ్వరం ఒళ్ళంతా ఎక్కి, నాలుగు రోజుల్లో అమ్మ పోయింది. అప్పటికి కోమలికి పెళ్ళయి ఆరు నెలలు. కట్టు విప్పి కడిగి కొత్త గుడ్డ చుట్టింది తనే, పాడె ఎక్కించే ముందు.

తన కాలి మీదా అదే చోటు నల్లబడటం చూసిన రోజునే ఇక్కడికి రావలసింది. రాలేదు. ఎందుకు రాలేదని ఎవరిననాలి? పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలువుకాళ్ళ కొలువు. గిరాకీలు పరుపుల మీద కూర్చుంటారు, కూల్‌డ్రింకులు తాగుతారు. చీరలు చూపించే ఆడపిల్లలు నిలబడాలి. యజమాని చెంగల్రాయుడు కొట్లో వీళ్ళకంటూ ఒక్క స్టూలు లేదు. కోపిష్టి కాదాయన, పండక్కి అందరికీ చీరలు పెట్టేవాడు, పిల్లల చదువులు అడిగేవాడు. కానీ స్టూలు మాటెత్తితే, "ఒకరికి ఏస్తే అందరూ అడుగుతారు గదా మే. కూసున్న మనిషిని చూస్తే గిరాకీకి బద్దకం వస్తాది," అనేవాడు. మధ్యాహ్నం అన్నం తినే పావుగంట సామాన్ల గదిలో కోమలి నేల మీద పడుకుని కాళ్ళు చీరల కట్టల మీద పెట్టేది. ఆ పావుగంటలో రక్తం సర్రున వెనక్కి పోతున్నట్టు, కాళ్ళు తేలికై తేలిపోతున్నట్టు ఉండేది. గంట కొడితే మళ్ళీ లేవడం. లేచినప్పుడు మొదటి పది అడుగులూ గాజుపెంకుల మీద.

ఆ రోజు శ్రావణమాసం, కొట్టు కిటకిటలాడుతోంది. చంద్రకాంతమ్మ అనే పెద్దావిడ, మనవరాలి పెళ్ళికి చీరలు తీయడానికి గూడూరు నుంచి వచ్చింది, ముందు వరసలో కూర్చుంది. కోమలి పై అరలో నుంచి మీగడ రంగు పట్టుచీర తీసి పరిచింది. చీలమండ దగ్గర దురద. కుడి పాదం గోటితో గీరుకుంది, అంతే. నొప్పి లేదు. పాదం తడిగా అనిపించి కిందకి చూస్తే రక్తం. కారడం కాదు, చిమ్మడం. సూది మొనంత రంధ్రం నుంచి సన్నని ధార, తెల్ల దుప్పటి మీద, మీగడ రంగు అంచు మీద. ఎవరో కేక పెట్టారు. చెంగల్రాయుడు "చీరలు తీయండి, చీరలు తీయండి," అంటూ పరిగెత్తుకొచ్చాడు, వచ్చి ఆ రక్తం చూసి నిలబడిపోయాడు. తోటి పిల్లలు కుర్చీ తెచ్చి తనని కూర్చోబెట్టి, పసుపు తెమ్మని ఒకరు, కాఫీపొడి తెమ్మని ఒకరు. కూర్చుంటే ఇంకా ఎక్కువైంది. తలలో ఈగలు ముసిరినట్టు శబ్దం. అప్పుడు ఆ పెద్దావిడ లేచి, పరుపు మీదుగానే నడిచొచ్చి, "కూర్చోబెట్టొద్దు దాన్ని! పడుకోబెట్టండి! కాలు పైకెత్తండి!" అని గద్దించింది. కోమలి కాలిని తన భుజం మీద పెట్టుకుని, మడిచిన చేతిరుమాలు ఆ రంధ్రం మీద పెట్టి గట్టిగా నొక్కింది. అంతే. అంత రక్తమూ ఆ చిన్న రుమాలు కింద ఆగిపోయింది. ముప్పై ఏళ్ళు పల్లెల్లో కాన్పులు చేసిన నర్సమ్మట ఆవిడ. కాలు దించకుండా, పట్టుచీర నలుగుతున్నా చూసుకోకుండా, పావుగంట అలాగే కూర్చుని ఆవిడ అన్న మాట ఒక్కటే: "ఓర్చుకునే జబ్బు కాదు బిడ్డా ఇది. ఇట్లనే నిద్దర్లో తెగిందనుకో, తెల్లారేతలికి నువ్వుండవు. నీకు పిలకాయలు ఉండారా?" ముగ్గురంది. "అయితే లేచినాక నేరుగా ఆసుపత్రికి పో. ఇంటికి పోయి అడిగి పోతాననొద్దు."

కానీ అదే చేసింది తను. ఇంటికి పోయి అడిగింది.

అవతల పెద్ద డాక్టరు ఎవరితోనో, "ఇక్కడ కట్టెయ్, ఇంకొకటి కట్టు, ఇప్పుడు నరం లోపలికి తీగ పంపిద్దాం," అంటున్నాడు. సన్నగా ఉంటాడు, గొంతు పెంచడు. మొదటిసారి చూపించుకున్నప్పుడు కాలికి ఏదో చల్లని జిగురు పూసి, పెన్ను లాంటి గొట్టం ఆనించి, చిన్న పెట్టెలోంచి తన రక్తం చప్పుడు తనకే వినిపించాడు. పిక్క నొక్కితే బుస్సుమని పైకి. వదిలితే మళ్ళీ బుస్సుమని, ఇంకా పెద్దగా. "ఇదిగో, ఇది రాకూడదమ్మా. కాళ్ళ నరాల్లో చిన్న చిన్న తలుపులుంటాయి. పైకి పోయిన రక్తం కిందకి దిగకుండా మూసుకోవాలి. కాన్పుల్లో ఒత్తిడికి నీ తలుపులు సడలిపోయాయి. రోజంతా నిలబడే పని కదా, అంతా వచ్చి కాల్లోనే నిలుస్తోంది. మీ అమ్మకి ఉండేదా?" ఉండేది, అంది.  జీవితంలో మొదటిసారి ఎవరో అమ్మ పుండుకు కారణం చెప్పారు. పాపం కాదు, శాపం కాదు, మామూలూ కాదు. తలుపు.

ఆ రోజు మునిశేఖర్ పక్కనే ఉన్నాడు. ఆపరేషను తేదీ రాసి, కాగితం మీద సంతకం చేయమంటే, తను పెన్ను అందుకునే లోపల అతను, "ఇంట్లో మాట్లాడుకోని వస్తాము సార్," అన్నాడు. డాక్టరు తన వైపు చూశాడు. అప్పుడు చెప్పవలసింది. చెప్పలేదు. పెన్ను బల్ల మీద పెట్టేసి, కొంగు సర్దుకుని, అతని వెనకే మెట్లు దిగింది. ఆ మెట్లు పదిహేడు. ప్రతి మెట్టుకీ తన మీద తనకే అసహ్యం ఒక్కో పిడికెడు పెరిగింది. ఇంట్లో దేవకమ్మ, "కత్తి పెడితే కాలు పడిపోతాది. మా చిన్నాయన కోడలు అట్లనే మూలబడింది. నువ్వు పడుకుంటే ఈ ముగ్గురికీ గంజి పోసేదెవురు, నేనా?" అంది. మునిశేఖర్ గోడ వైపు తిరిగి చొక్కా విప్పుకున్నాడు. తేదీ దాటిపోయింది. ఆ రాత్రి నుంచి ఆమె కాలికి గుడ్డ చుట్టుకుని, దాని కింద చేయి పెట్టుకుని పడుకునేది, తడి తగులుతుందేమోనని. మధ్యలో లేచి తడుముకునేది. ఒకనాటి పొద్దున నందిని లేచి, పదకొండేళ్ళ పిల్ల, వచ్చి అమ్మ పరుపు దుప్పటి ఎత్తి చూసింది. రక్తం ఉందేమోనని. చూసి, లేదని నిమ్మళించి, బడికి జడ వేసుకోవడానికి పోయింది.  తను అమ్మ పక్కన కూర్చుని ముఖాలు గుర్తుపెట్టుకున్న వయసుకు కాస్త అటూ ఇటూగా ఉంది పిల్ల. దీనికి నేను ఇది నేర్పుతున్నానా?

ఆ ఆదివారమే బస్సెక్కి నాయన దగ్గరికి పోయింది. చెంగయ్య శనక్కాయ చేను గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ముసలాయన అయిపోయాడు. చీర అంచు ఎత్తి కాలు చూపించింది. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత ముఖం పక్కకు తిప్పుకున్నాడు. సాయంత్రం సంగటి కూడా తినలేదు. తెల్లారేసరికి ఉతికిన పంచె కట్టుకుని, భుజాన తుండుగుడ్డ వేసుకుని, ఆమె కంటే ముందు బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. నిన్న సాయంత్రం ఆసుపత్రిలో చేరేటప్పుడు గుమాస్తా, "భర్త రాలేదా?" అని అడిగితే ఆమె నోరు తెరిచే లోపల నాయన ముందుకు వచ్చాడు. "నేను తండ్రిని సామీ. దీనమ్మకి ఏలిముద్ర ఎయ్యాల్సిన పొద్దున నేను శనక్కాయలు పీకిస్తాండాను. యాడ ఎయ్యమంటే ఆడ ఏస్తాను." ఆమె తన పేరు రాసింది. కింద ఆయన బొటనవేలు. వేలికి అంటిన సిరా తుడుచుకోలేదాయన. ఇప్పుడు బయట బల్ల మీద అలాగే కూర్చుని ఉంటాడు. పిల్లల్ని పక్కింటి కుప్పమ్మకి అప్పగించి వచ్చింది. మునిశేఖర్‌కి చెప్పే వచ్చింది, "పోతాండాను, సాయంత్రం ఆసుపత్రిలో చేరతాను," అని. అతను "సరే" అనలేదు, "వద్దు" అనలేదు. చెప్పులు వేసుకుంటుంటే సంచి అందించాడు. దానికి ఏ అర్థం చెప్పుకోవాలో ఆమెకి ఇంకా తెలియదు. ఇప్పుడు ఆలోచించదు.

ఒక్కసారిగా బలంగా లాగుడు. బల్ల మీద ఒళ్ళంతా కిందకి ఒక జానెడు జరిగినట్టు. "వచ్చేసింది," అన్నాడు పెద్ద డాక్టరు. జ్ఞానాంబ సిస్టరు గుడ్డ మీదుగా తొంగిచూసి కళ్ళతో నవ్వింది. కోమలి అడిగింది: "సూపిస్తారా సామీ?"

"ఏమిటి?"

"దాన్ని. నన్ను తిన్నదాన్ని."

 గుడ్డకి పైన ఒక చేయి లేచింది, రబ్బరు తొడుగు వేసుకున్న చేయి. దాని వేళ్ళ మధ్య వేలాడుతూ ఒక పాలిపోయిన తాడు. నానిన పూలదారంలా, అక్కడక్కడా ముడులతో, జానా బెత్తెడుకి కాస్త ఎక్కువ. ఇంతేనా, అనుకుంది. దీనికోసమా అమ్మ మూల కూర్చుని తిన్నది? దీనికోసమా పిల్ల నా దుప్పటి ఎత్తి చూసింది? కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడుచుకోవడానికి చేతులు కదల్లేదు, సెలైను గొట్టం కట్టి ఉంది. సిస్టరు వచ్చి దూదితో తుడిచింది. "నొప్పా?" "కాదమ్మా." పట్టుకున్న చేయి కిందకి పోయింది, ఇనపగిన్నెలో మెత్తగా పడిన చప్పుడు.

తర్వాత చిన్న చిన్న పనులు. మోకాలి కింద అక్కడక్కడా గాట్లు పెట్టి మెలికలు ఏరుతున్నారట. గడియారంలో పదకొండూ ఇరవై. రేపు పొద్దున నడిపిస్తామన్నారు, పడుకుని ఉండకూడదట. కాలికి గట్టి కట్టు. పదిరోజులు జాగ్రత్త. ఆ తర్వాత కొట్టు. కొట్టుకి పోయి మొదట చెప్పే మాట ఏదో ఆమె తేల్చుకుంది. చెంగల్రాయన్నా, డాక్టరు కాగితం రాసిచ్చినాడు, గంటకోసారి కూర్చోవాలంట, ఒకరికి ఏస్తే అందరూ అడుగుతారన్నావు గదా, అడగనీ, అందరికీ కాళ్ళుండాయి. కొలువు పోతే పోనీ. తిరుపతిలో బట్టల కొట్లు ఎన్ని లేవు.

పెద్ద డాక్టరు గుడ్డ పక్కనుంచి ముఖం బయటపెట్టాడు. మాస్కు పైన కళ్ళు మాత్రమే. "కోమలీ, ఎడమ కాలు అయిపోయింది. బాగా వచ్చింది. పొద్దున చెప్పాను కదా, కుడి కాల్లో కూడా పై తలుపు సడలింది. మూడు నెలల తర్వాత చేద్దామనుకున్నాం. మత్తు ఇంకా ఉంది, నీ ఒంట్లో బలమూ ఉంది, ఇప్పుడే చేసేయవచ్చు. కానీ రెండు కాళ్ళకీ కట్లుంటే ఇంటి దగ్గర నాలుగు రోజులు కష్టం. ఎవరో ఒకరు చూసుకోవాలి. తొందరేం లేదు. కావాలంటే మీవాళ్ళని అడిగి వస్తాం, బయట మీ నాయన ఉన్నాడుగా?"

రెండు కట్లు. గంజి పోసేదెవరు. దేవకమ్మ ముఖం కళ్ళ ముందు కదిలింది. పొయ్యి దగ్గర కూర్చుని సణుగుతూ గరిటె తిప్పుతున్న దేవకమ్మ. సణగనీ. సణుగుతూ వండినా అన్నం ఉడుకుతుంది. మునిశేఖర్ నాలుగు రోజులు పిల్లల్ని బడికి దించుతాడు. దించకపోతే నందిని తమ్ముళ్ళ చేయి పట్టుకుని నడుస్తుంది. మూడు నెలలంటే మళ్ళీ ఒక సంక్రాంతి రద్దీ, మళ్ళీ ఒక సెలవు అడగడం, మళ్ళీ ఒక మాట్లాడుకొని వస్తాము. ఆ పదిహేడు మెట్లు.

"అడగాల్సిన మనిషి ఈడే ఉండాది సామీ," అంది కోమలి. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "రెండోదీ సేసేయండి."

డాక్టరు తల ఊపి అవతలికి పోయాడు. బల్లకి ఆ పక్క నుంచి ఈ పక్కకి అడుగుల చప్పుడు, దీపం తిప్పిన చప్పుడు, కొత్త కత్తెరలు పరిచిన చప్పుడు. జ్ఞానాంబ సిస్టరు తల దగ్గరికి వచ్చి నుదుటి మీద చేయి వేసింది. "ఇంకో ముప్పావుగంట పడుతుంది తల్లీ. పడుకోగలవా?"

పెళ్ళయి పన్నెండేళ్ళు. పురిటి రోజులు, కొట్లో ఆ పావుగంటలు తీసేస్తే, పట్టపగలు ఒళ్ళు చాపుకుని పడుకున్న రోజు ఒక్కటైనా ఉందేమోనని కోమలి వెతికింది. దొరకలేదు.

"పడుకుంటాను సిస్టరమ్మా," అంది. "నిదానంగా చేసుకోమను. నాకేం తొందర లేదు."